ప్రాక్టీసులో పులి, మ్యాచ్‌లో పిల్లి: జూనియర్ టెన్నిస్‌లో ఒత్తిడి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కోర్టు గేటు దగ్గర, టోర్నమెంట్లలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, రాత్రి పదింటికి ఫోన్‌లో, టెన్నిస్ కోచ్‌నైన నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి. ఎక్కువగా అడిగింది అమ్మానాన్నలు. కొన్ని పిల్లలవి, రెండు మూడు కొత్తగా కోచింగ్‌లోకి వచ్చిన కుర్రాళ్లవి. అండర్-12 నుంచి అండర్-18 దాకా ఆలిండియా టెన్నిస్ అసోసియేషన్ టోర్నమెంట్లు ఆడే పిల్లలను మనసులో పెట్టుకుని జవాబులు రాశాను.

మావాడు ప్రాక్టీసులో తనకంటే పెద్దవాళ్లను కూడా ఓడిస్తాడు. టోర్నమెంట్‌కి వెళ్తే మొదటి రౌండ్‌లోనే ఇంటికి. ఎందుకిలా?

ప్రాక్టీసులో పోయేదేమీ లేదు కాబట్టి. బుట్టలోంచి అరవై బంతులు వేస్తే అరవై ఫోర్‌హ్యాండ్లు కొడతాడు. పదమూడోది నెట్‌కి తగిలిన సంగతి వాడికీ గుర్తుండదు, నాకూ గుర్తుండదు. మ్యాచ్‌లో ఆ పదమూడో బంతే 30-40 దగ్గర, అంటే తన సర్వీసులో ఇంకొక్క పాయింటు పోతే గేమే పోయే చోట వస్తుంది.

అప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూడండి. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, గ్రిప్ మీద వేళ్లు బిగుస్తాయి. వేళ్లు బిగిస్తే మణికట్టు బిగుస్తుంది, రాకెట్ వేగం పడిపోతుంది. కాళ్లు చిన్న చిన్న అడుగులు వేయడం మానేసి పాతేసినట్టు నిలబడిపోతాయి. బంతి పొట్టిగా పడుతుంది, ఎదుటివాడు లోపలికొచ్చి కొడతాడు. బయట ఉన్నవాళ్లు "ఆ ఫోర్‌హ్యాండ్ ఏమైందిరా?" అంటారు. ఫోర్‌హ్యాండ్ ఎక్కడికీ పోలేదు, చెయ్యి బిగుసుకుందంతే.

దీనికి తోడు, భయపడిన పిల్లవాడు తన చేతిని తానే గమనించుకోవడం మొదలుపెడతాడు. మెట్లు దిగుతూ ఏ కాలు ఎప్పుడు వేస్తున్నామో చూసుకుంటే తడబడతాం కదా, అలాంటిదే. వేలసార్లు కొట్టి చేతికి వచ్చేసిన షాట్‌ను మళ్లీ మెదడుతో నడపబోతే అది చెడిపోతుంది.

కాబట్టి "వాడికి దమ్ము లేదండీ" అనే మాట దయచేసి వాడకండి, ముఖ్యంగా వాడు వింటుండగా.

టెన్షన్ పూర్తిగా పోవాలంటే ఏం చేయాలి?

పోదు. పోగొడతామని ఎవరైనా ఫీజు తీసుకుంటే ఆ డబ్బు దండగ.

1993 వింబుల్డన్ ఫైనల్లో చెక్ క్రీడాకారిణి యానా నొవొత్నా, స్టెఫీ గ్రాఫ్ మీద మూడో సెట్‌లో 4-1తో ముందుంది. సర్వీసు తనదే, స్కోరు 40-30. ఆ ఒక్క పాయింటు వస్తే 5-1. డబుల్ ఫాల్ట్ చేసింది, అంటే రెండు సర్వ్‌లూ తప్పి పాయింటు పోయింది. అక్కడి నుంచి వరసగా ఐదు గేములు పోగొట్టుకుని సెట్ 4-6తో ఓడిపోయింది. బహుమతి ప్రదానంలో డచెస్ ఆఫ్ కెంట్ భుజం మీద తలవాల్చి ఏడ్చిన దృశ్యం టీవీలో చూసినవాళ్లెవరూ మరిచిపోలేదు. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు, ఆడుతున్నది ప్రొఫెషనల్ టెన్నిస్. మీ అమ్మాయికి పదమూడు. 1998లో నొవొత్నా అదే కోర్టు మీద వింబుల్డన్ గెలిచిందని కూడా పిల్లలకు చెప్పండి. మొదటి సగం చెప్పి ఆపేసేవాళ్లే ఎక్కువ.

టెన్షన్‌ను ఉండనిచ్చి, దానితోనే ఆడటం నేర్పుతాం. కింద రాసినదంతా అందుకే.

పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య ఏం చేయాలి?

ఇది సరిగ్గా నేర్పితే సగం పని అయిపోయినట్టే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పాయింట్ల మధ్య నియమం ప్రకారం 25 సెకన్ల వరకు ఉంటుంది. కోర్టు మారేటప్పుడు 90 సెకన్లు, సెట్ అయ్యాక 120. (సెట్‌లో మొదటి గేమ్ అయ్యాక, 6-6 దగ్గర సెట్‌ను తేల్చే టై బ్రేక్ మధ్యలో మాత్రం కూర్చోవడానికి వీల్లేదు, అటు ఇటు మారి ఆడాల్సిందే.) గంటన్నర మ్యాచ్‌లో బంతి ఆటలో ఉండే సమయం కంటే లేని సమయమే ఎక్కువ. పిల్లలు కుంగిపోయేది ఆ ఖాళీలోనే. మన కోచింగ్ మాత్రం మొత్తం బంతి ఆడే సమయం మీదే.

అమెరికన్ స్పోర్ట్స్ సైకాలజిస్ట్ జిమ్ లోర్ పెద్ద ఆటగాళ్లను గమనించి ఈ ఖాళీని నాలుగు దశలుగా విడగొట్టాడు: పాయింట్ అవగానే శరీరం ఎలా ఉండాలి, తర్వాత విశ్రాంతి, తర్వాత ఆలోచన, చివర అలవాటు. నేను దాన్ని మన పిల్లలకు నోరు తిరిగేలా మార్చుకున్నాను. పాయింట్ పోగానే రాకెట్‌ను రెండో చేతికి మార్చెయ్. కొట్టే చెయ్యి ఖాళీ అయితే వేళ్లు వాటంతటవే వదులవుతాయి. నెట్‌కి వీపు పెట్టి వెనక ఫెన్స్ వైపు నడు. చూపు స్ట్రింగ్స్ మీదే ఉండాలి. పక్క కోర్టు మీద, నాన్న మీద పోకూడదు. ఊపిరి పీల్చుకున్న దానికంటే మెల్లగా, ఎక్కువసేపు వదులు. వెనక్కి తిరిగాక ఒకే ఒక నిర్ణయం: సర్వ్ ఎటు, లేదా రిటర్న్ ఎటు. ఆ తర్వాత బంతిని లెక్క ప్రకారం నేలకు కొట్టి సర్వ్ చేసెయ్.

మా దగ్గర ఒక పదమూడేళ్ల అమ్మాయి సర్వ్ ముందు బంతిని నాలుగుసార్లు నేలకేసి కొడుతుంది. తను ఎంచుకున్న లెక్కే అది. టెన్షన్ పడితే అది రెండు అవుతుంది. స్కోరు వినబడనంత దూరంలో నిలబడినా, బంతి చప్పుడు వింటే చాలు, లోపల ఏం జరుగుతోందో నాకు తెలిసిపోతుంది. మొదట్లో తనకు ఈ సంగతి తెలియదు. వీడియో తీసి చూపించాను. ఇప్పుడు మ్యాచ్ అయ్యి బయటికి రాగానే తనే అడుగుతుంది, "సర్, మళ్లీ రెండే కొట్టానా?" అని. "5-4 దగ్గర రెండే కొట్టావమ్మా" అంటే నవ్వేస్తుంది. అది మూడు నెలల పని. మ్యాచ్ ముందు రోజు రాత్రి చెబితే వచ్చేది కాదు.

కొత్త కోచ్‌లకు ఒక మాట: దీన్ని ప్రాక్టీసులో ప్రతి పాయింట్‌కీ చేయించండి. బోర్ కొడుతుంది, సణుగుతారు, పట్టించుకోకండి.

ప్రాక్టీసులోనే ఒత్తిడి తెప్పించడం ఎలా?

స్కోరు పెట్టండి. స్కోరు లేని ర్యాలీ ఎంత బాగున్నా మ్యాచ్‌కి అక్కరకు వచ్చేది కొంతే. గేమ్‌ను 0-0 నుంచి కాకుండా 30-40 నుంచి మొదలుపెట్టించండి. ఒక సెట్ మొత్తం సెకండ్ సర్వ్‌తోనే ఆడించండి. 2-5 వెనకబడి ఉన్నావని చెప్పి అక్కడి నుంచి ఆడించండి, మర్నాడు అదే పిల్లవాడికి 5-2 ఇవ్వండి. రెండోదే కష్టమని వాళ్లకే తెలుస్తుంది. టై బ్రేక్‌ను క్లాసు మొదట్లో కాదు, కాళ్లు లాగుతున్నప్పుడు చివర్లో ఆడించండి, మ్యాచ్‌లో అది వచ్చేది అప్పుడే కదా.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం క్లాసు చివర్లో ఒక ఆట పెట్టేవాణ్ని. అందరూ చుట్టూ నిలబడతారు, ఒకరు ఒకే ఒక్క సర్వ్ చేయాలి. పడితే అందరూ ఇంటికి. పడకపోతే అందరూ పది రౌండ్లు పరుగు. ఒత్తిడి అంటే ఇదీ అని మురిసిపోయాను. ఒకరోజు పదకొండేళ్ల కుర్రాడి సర్వ్ నెట్‌కి తగిలింది. పరిగెత్తుతూ పెద్దపిల్లలు వాడిని ఏమన్నారో నాకు వినబడలేదు. వాడు వారం రోజులు రాలేదు. వాళ్ల అమ్మ కడుపునొప్పి అని చెప్పింది. నేను నమ్మినట్టు నటించాను. వాడు తిరిగి వచ్చినా సర్వ్ చాలాకాలం తిరిగి రాలేదు.

ఆట ఇప్పటికీ ఉంది. పడితే అందరికీ చెరకు రసం, పడకపోతే ఏమీ లేదు. గుండె అంతే కొట్టుకుంటుంది. పోతే పోయేది చెరకు రసమే.

సెకండ్ సర్వ్ అనగానే చెయ్యి వణుకుతోంది. డబుల్ ఫాల్ట్‌లు తగ్గేదెలా?

మెల్లగా కొడితే లోపల పడుతుందని పిల్లలు అనుకుంటారు. జరిగేది తలకిందులు. రాకెట్ వేగం తగ్గితే స్పిన్ తగ్గుతుంది. స్పిన్ లేని బంతి కిందికి వంగదు కాబట్టి నెట్ మీదుగా ఎత్తుగా పంపడానికి చోటుండదు. చివరికి బంతిని తోస్తారు. కాబట్టి సెకండ్ సర్వ్‌కి రాకెట్ వేగం ఫస్ట్ సర్వ్ అంతే ఉండాలి, స్పిన్ ఎక్కువ ఉండాలి, నెట్ మీద బంతి మరింత ఎత్తులో దాటాలి. స్పిన్ సర్వ్ రాని పిల్లవాడికి ధైర్యం నూరిపోసి లాభం లేదు, ముందు సర్వ్ నేర్పండి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, టెక్నిక్ లోపాన్ని మనం చాలాసార్లు మనసు మీదికి నెట్టేస్తాం.

టాస్ వంకరగా పోతే కొట్టనక్కర్లేదు. రాకెట్ ఊపకుండా బంతిని పట్టుకుని మళ్లీ టాస్ వేయొచ్చు, ఫాల్ట్ కాదు. ఈ నియమం తెలిసీ సిగ్గుపడి కొట్టేసేవాళ్లున్నారు.

"డబుల్ ఫాల్ట్ చేయకు" అని బయట నుంచి అరవకండి. ఆ మాట విన్నాక వాడి బుర్రలో మిగిలేది డబుల్ ఫాల్ట్ ఒక్కటే.

5-2 ఆధిక్యంలో ఉండి ఓడిపోతుంది. ఇది ఎన్నోసారో!

5-2 అయ్యేసరికి మనసు కోర్టు దాటి, ఎవరు ఎవరితో ఆడాలో రాసిన డ్రా షీట్ దగ్గరికి వెళ్లిపోతుంది. "తర్వాతి రౌండ్‌లో సీడెడ్ ప్లేయర్ తగులుతుందా?" ఇక్కడ చెయ్యి మాత్రం ఉన్నదాన్ని కాపాడుకుందామని బంతిని మధ్యలోకి పెట్టడం మొదలుపెడుతుంది. అవతలి పిల్లకు పోయేదేమీ లేదు, స్వేచ్ఛగా కొడుతుంది. అయిదు నిమిషాల్లో 5-5.

ఫుట్‌బాల్‌లో, కబడ్డీలో ఆధిక్యం ఉంటే సమయం గడిపేయొచ్చు. టెన్నిస్‌లో గడియారం లేదు. చివరి పాయింట్ ఎవరో ఒకరు గెలిచి తీరాలి. 2025 జూన్ 8న ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో యానిక్ సిన్నర్ రెండు సెట్లు గెలిచి, నాలుగో సెట్‌లో 5-3తో ముందుండి, ప్రత్యర్థి కార్లోస్ అల్కరాజ్ సర్వీసులో 0-40 దాకా తెచ్చాడు. మూడు చాంపియన్‌షిప్ పాయింట్లు. మూడూ పోయాయి. 5 గంటల 29 నిమిషాల తర్వాత కప్పు అల్కరాజ్ చేతిలో ఉంది. పెద్దవాళ్లకే జరుగుతుందని చెప్పడానికి కాదు ఇది. అల్కరాజ్ ఆ మూడు పాయింట్లూ ఎలా ఆడాడో పిల్లలతో కలిసి చూడండి. మ్యాచ్ మొత్తం గెలవాలని కాదు, ఆ ఒక్క పాయింటే ఆడుతున్నట్టు కనిపిస్తాడు.

మీ అమ్మాయికి చేయాల్సిన సాయం చిన్నదే. 5-2 దాకా ఏ ఆటతో వచ్చిందో ఒక వాక్యంలో చెప్పగలగాలి. "తన బ్యాక్‌హ్యాండ్‌కి ఎత్తుగా, ఖాళీ దొరికితే ముందుకి." ఆ వాక్యాన్ని 5-2 దగ్గర మార్చకూడదు.

అవతలివాళ్లు లైన్ కాల్స్‌లో మోసం చేస్తే?

జూనియర్ టోర్నమెంట్లలో ఎక్కువ మ్యాచ్‌లకు చైర్ అంపైర్ ఉండరు. ఎవరి వైపు పడిన బంతిని వాళ్లే చెప్పాలి. అనుమానం ఉంటే లోపల పడినట్టే లెక్క. ఒక పెద్ద కోర్టు సముదాయానికి ఒకరిద్దరు అఫీషియల్స్ తిరుగుతుంటారు. పన్నెండేళ్ల పిల్ల ఒకేసారి ఆడాలి, జడ్జి కావాలి, గొడవొస్తే వకీలు కావాలి. మనం సినిమా హాలు దగ్గర క్యూలో గొడవపడలేక తిరిగి వచ్చేస్తాం, వాళ్లను మాత్రం ధైర్యంగా ఉండమంటాం.

అందుకే దీన్ని కూడా డ్రిల్‌లా చేయించాలి. ప్రాక్టీస్ మ్యాచ్‌లో నేను కావాలనే ఒక తప్పుడు కాల్ ఇప్పిస్తాను. వెంటనే స్టాప్‌వాచ్ నొక్కుతాను. ఆ తర్వాతి 25 సెకన్లలో పిల్ల ఏం చేస్తుందన్నదే పాఠం. చేయాల్సింది: నెట్ దగ్గరకు వచ్చి మర్యాదగా ఒక్కసారి "ష్యూర్‌నా?" అని అడగడం. అదే మళ్లీ జరిగితే ఆట ఆపి అఫీషియల్‌ను పిలవడం. పిలవడం చాడీ కాదు, హక్కు. అఫీషియల్ వచ్చి కోర్టు పక్కన నిలబడగానే చాలా కాల్స్ వాటంతటవే సరిగ్గా వస్తాయి, చూడండి తమాషా.

సర్వ్ ముందు స్కోరు అవతలివాళ్లకు వినబడేలా చెప్పే అలవాటు చేయించండి. స్కోరు గొడవల్లో ఎక్కువ భాగం గొణగడం వల్ల వచ్చినవే.

ఇంకొకటి, చెప్పడం ఇబ్బందే కానీ చెప్పాలి. ఒత్తిడిలో మన పిల్లలు కూడా తప్పుడు కాల్స్ ఇస్తారు. అన్నీ మోసం కాదు, అవుట్ కావాలని గట్టిగా కోరుకుంటే కంటికి అవుటే కనిపిస్తుంది. పాయింట్ తిరిగి ఇచ్చేసిన పిల్లను ఆ సాయంత్రం మ్యాచ్ గెలిచినదానికంటే ఎక్కువ మెచ్చుకోండి.

మేం ఎక్కడ కూర్చోవాలి? మ్యాచ్ చూడొచ్చా?

చూడండి. ముఖంలో ఏదీ కనబడనివ్వకుండా కూర్చోగలిగితే ఫెన్స్ దగ్గరే కూర్చోండి. లేకపోతే చెట్టు కిందికి వెళ్లండి.

ఒకసారి ఒక నాన్నగారి పక్కన కూర్చుని, వాళ్లబ్బాయి పాయింట్ అవగానే ఎన్నిసార్లు మావైపు చూస్తాడో లెక్కపెట్టాను. ఒక సెట్‌లో ఇరవై దాటాక మానేశాను. నాన్నగారు ఒక్క మాట కూడా అనలేదు, చాలా మంచి మనిషి. కానీ ప్రతి తప్పుకీ ఆయన కుడిచెయ్యి తొడ మీద చిన్నగా కొట్టుకునేది. ఆయనకే తెలియదు. అబ్బాయికి తెలుసు. వాడు చూస్తున్నది ఆ చెయ్యినే.

తర్వాత కారు ప్రయాణం. మ్యాచ్ ఓడిన పిల్లకు కారు కదిలే గది లాంటిది, తలుపు తీసుకుని వెళ్లిపోలేదు. ఆ ముప్పావుగంట మ్యాచ్ ఊసెత్తకండి. తనే ఎత్తితే వినండి. "నీ కోసం ఎంత ఖర్చు పెడుతున్నామో తెలుసా" అనే మాట అనకపోయినా పిల్లలకు ఆ లెక్క తెలుసు. ఎంట్రీ ఫీజు, రైలు టికెట్లు, లాడ్జి, గట్టింగ్ (రాకెట్‌కి కొత్త తీగలు వేయించడం), నాన్న పెట్టిన సెలవు, అన్నీ కూడిక వేసుకునే సర్వీసుకి వెళ్తారు.

నేను చూసినంతలో దీన్ని బాగా చేసేది అమ్మమ్మలు, నానమ్మలు. ఫోన్ చేసి మొదట "తిన్నావా?" అంటారు. "గెలిచావా?" అన్నది రెండో ప్రశ్న, అది కూడా గుర్తుంటే.

మ్యాచ్ మధ్యలో కోచ్ సలహా ఇవ్వొచ్చా?

కోర్టు బయటి నుంచి కోచింగ్‌ను అనుమతించే వీలు టెన్నిస్ నియమాల్లో 2025 జనవరి 1 నుంచి వచ్చింది. అయితే అనుమతించాలా వద్దా అన్నది ఆ టోర్నమెంట్‌ను నడిపించే సంస్థ ఇష్టం. ప్రతి చోటా మ్యాచ్ ముందే రెఫరీని అడగండి. అనుమతి ఉన్నా సరే, నేను చెప్పేది ఒక్క వాక్యమే. చెవిలో నాలుగు సూచనలున్న పిల్ల కంటే ఏమీ లేని పిల్లే మెరుగ్గా ఆడుతుంది.

మ్యాచ్ రోజు తిండి, నిద్ర సంగతి?

ఇంట్లో తినేదే. ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు. హోటల్లో కొత్త వంటకాలు ఓడిపోయాక తినండి. విజయవాడ ఏప్రిల్ ఎండలో ఆడుతుంటే ముందు రోజు నుంచే నీళ్లు, మజ్జిగ తాగించండి. మూడో సెట్‌లో నడక తడబడి, తల తిరుగుతోందంటే అది "మెంటల్ వీక్‌నెస్" కాదు, ఎండదెబ్బ కావచ్చు. ఆట ఆపించండి.

అసలు ఒత్తిడి ఎదురుచూపుల్లో ఉంటుంది. ఆర్డర్ ఆఫ్ ప్లేలో (ఆ రోజు మ్యాచ్‌ల వరసలో) మీ మ్యాచ్ దగ్గర "ఫాలోడ్ బై" అని ఉంటే ముందు మ్యాచ్ నలభై నిమిషాల్లో అవ్వొచ్చు, మూడు గంటలు పట్టొచ్చు. ఆ సేపంతా ఫోన్‌లో ప్రత్యర్థి పాత ఫలితాలు వెతకడం కంటే పేకముక్కలు ఆడుకోవడం మేలు. ముందు మ్యాచ్ రెండో సెట్ 4-4 అయినప్పుడు లేచి వార్మప్ మొదలుపెడితే చాలు.

ఓడాక ఏం మాట్లాడాలి?

ఆ రోజు ఏమీ వద్దు. మర్నాడు నోటుబుక్కులో మూడు ప్రశ్నలకు పిల్లే రాస్తుంది: ఏది పనిచేసింది, ఎక్కడ చెయ్యి బిగిసింది, ఈ వారం ఏం ప్రాక్టీస్ చేద్దాం. అరపేజీ చాలు. పిల్లలు ఓడిన ప్రతి పాయింట్‌నూ నేరంలా చూస్తారు కాబట్టి ఫెదరర్ లెక్క చెబుతుంటాను. 2024లో డార్ట్‌మత్ కాలేజీలో మాట్లాడుతూ ఆయనే చెప్పాడు: 1,526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచాడు, గెలిచిన పాయింట్లు మాత్రం 54 శాతమే. ఇక పైన చెప్పిన సిన్నర్, ఆ ఫైనల్ పోయిన ఐదు వారాలకు వింబుల్డన్ ఫైనల్లో అదే అల్కరాజ్‌ను ఓడించాడు.

పద్నాలుగేళ్లకు ర్యాంకు రాకపోతే ఇక అయిపోయినట్టేనా?

కాదు. మన సాకేత్ మైనేని అమెరికాలో అలబామా యూనివర్సిటీకి ఆడి, తర్వాత ప్రొఫెషనల్ టెన్నిస్‌లో నిలదొక్కుకున్నాడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచేనాటికి 26 ఏళ్లు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో డబుల్స్ రజతం గెలిచేనాటికి 35.

సైకాలజిస్ట్ దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్లాలి?

మ్యాచ్ ముందు కడుపులో తిప్పడం మామూలే. ప్రతి మ్యాచ్ ముందూ వాంతులు, వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, టోర్నమెంట్ రోజే ఏదో ఒక నొప్పి, ఆట పక్కన పెడితే ఇంట్లోనూ స్కూల్లోనూ మూగనోము, ఇవి మామూలు కాదు. కోచ్ చేతిలో పనీ కాదు. పిల్లల డాక్టరుతో మొదలుపెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనుంది లాంటి మాట ఒక్కసారి విన్నా టోర్నమెంట్ సంగతి మరిచిపోయి అదే రోజు డాక్టరును కలవండి.

మావాడు గెలిచిన రోజు వేసుకున్న టీషర్టే ప్రతి మ్యాచ్‌కీ కావాలంటాడు. మాన్పించాలా?

నాదాల్ సీసాలను లేబుళ్లు కోర్టు వైపు తిప్పి వరసలో పెట్టేవాడు కదా అని అడుగుతారు. సీసాలు ఎక్కడైనా దొరుకుతాయి. నేను చూసేది ఒక్కటే: ఆ అలవాటు వాడి చేతిలో ఉందా, వాడే దాని చేతిలో ఉన్నాడా? బంతిని నాలుగుసార్లు కొట్టడం ఏ ఊళ్లోనైనా కుదురుతుంది. దేవుడికి దణ్ణం కూడా అంతే. టీషర్టు అలా కాదు. మా దగ్గర ఒకడి నీలం టీషర్టు సెమీఫైనల్ రోజు లాడ్జి బాత్రూంలో తడిసి ముద్దై వేలాడుతోంది. వాళ్లమ్మ రాత్రి ఉతికేసింది, పాపం, కంపు భరించలేక. వాడు దాన్ని తడితడిగానే తొడుక్కుని వచ్చాడు. మొదటి సెట్ మధ్యలో ఎండకు ఆరిపోయింది.